పాము, తేలు, పురుగూ పుట్రా: వానాకాలంలో ఇల్లు ఎలా చూసుకోవాలి

తొలకరి పడగానే బొరియల్లో నీళ్ళు నిండుతాయి, ఎలుకలూ కప్పలూ పొడి చోటు వెతుక్కుంటూ ఇళ్ళవైపు వస్తాయి, వాటి వెనకే పాము వస్తుంది. మన దేశంలో 2000 నుంచి 2019 వరకు పాము కాటుతో చనిపోయినవాళ్ళు దాదాపు 12 లక్షల మంది అని ఒక పెద్ద అధ్యయనంలో తేలింది, అంటే ఏడాదికి సగటున 58 వేల మంది. వాళ్ళలో సగం మంది పోయింది జూన్ నుంచి సెప్టెంబరు లోపే. చావులు ఎక్కువగా ఉన్న రాష్ట్రాల్లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ కూడా ఉంది. పోయినవాళ్ళు ఎక్కువమంది పల్లెల్లో ఉండేవాళ్ళే, పొలం పని చేసేవాళ్ళు, నేల మీద పడుకునేవాళ్ళు.

వీటిలో చాలా చావులు ఆపగలిగినవే, అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను. పాముకి మనతో పని లేదు. వడ్లబస్తా దగ్గర ఎలుక చేరుతుంది, ఎలుక కోసం పాము వస్తుంది. వాకిట్లో లైటు వెలిగితే పురుగులు మూగుతాయి, పురుగుల కోసం కప్ప, బల్లి, తేలు వస్తాయి, కప్ప కోసం మళ్ళీ పామే వస్తుంది. ఈ వరసలో ఎక్కడో ఒకచోట తెంచితే చాలు, చివరిది రావడం చాలావరకు తగ్గుతుంది. మందులు చల్లడం, పొగలు వేయడం అన్నీ దీని తర్వాతే.

ముందు పడుకునే చోటు సంగతి

అన్నిటికంటే ముందు ఇది చెప్పాలి, ఎందుకంటే కట్లపాముతో వచ్చే ప్రమాదం మిగతా పాములతో వచ్చేలాంటిది కాదు. నాగుపాము పడగ విప్పి హెచ్చరిస్తుంది, రక్తపింజర కుక్కర్ ఆవిరి వదిలినట్టు పెద్దగా బుస కొడుతుంది, కట్లపాము మాత్రం ఏ చప్పుడూ చేయదు. పగలు ఎక్కడో ముడుచుకుని పడి ఉంటుంది, రాత్రి తిరుగుతుంది, తిరుగుతూ తిరుగుతూ నేల మీద పడుకున్నవాళ్ళ పక్కల్లోకి వస్తుంది. నిద్రలో మనం పక్కకి దొర్లితే కరుస్తుంది. నొప్పి ఉండదు, వాపు ఉండదు, చాలాసార్లు గాటు కూడా కనిపించదు. తెల్లవారుజామున కడుపునొప్పి, వాంతులు, గొంతు పట్టేసినట్టు ఉండటం, కళ్ళు తెరవలేకపోవడం మొదలవుతాయి. ఇంట్లోవాళ్ళు గ్యాస్ అనుకుంటారు, రాత్రి తిన్నది పడలేదనుకుంటారు, సోడా తాగించి పడుకోబెడతారు. అక్కడ పోతున్నాయి ప్రాణాలు.

కాబట్టి నేల మీద పడక మానేయండి. నులక మంచం అయినా, నవ్వారు మంచం అయినా, పాత చెక్క బల్ల అయినా సరే, నేలకి ఎత్తుగా ఉండాలి. దుప్పటి అంచులు కిందకి వేలాడకూడదు, మంచం కింద మూటలూ గంపలూ తోసి పెట్టకూడదు. ఇంట్లో అందరికీ మంచాలు లేకపోతే కనీసం దోమతెర కట్టుకోండి, నేల మీద పడుకున్నా సరే దోమతెర నాలుగు వైపులా చాప కిందకో పరుపు కిందకో గట్టిగా మడిచి పెడితే పాము లోపలికి రాలేదు. చీకటి పడకముందే మడవాలి, లోపల ఒకసారి టార్చి వేసి చూసుకుని పడుకోవాలి. దోమతెర దోమల కోసం అని మనం అనుకుంటాం గానీ, పాము కాటు నుంచి, తేలు నుంచి, జెర్రి నుంచి కాపాడే వస్తువుల్లో ఇంత చవకైనది ఇంకొకటి లేదు. ఎండాకాలం ఆరుబయట పడుకునేవాళ్ళకి, పొలం దగ్గర కావలి పడుకునేవాళ్ళకి ఇది ఇంకా ముఖ్యం.

రాత్రి లేస్తే కాలు కింద పెట్టేముందు లైటు. టార్చి దిండు పక్కన ఉండాలి, ఫోన్ లైటు అయినా పర్వాలేదు. చెప్పులు మంచం పక్కనే ఉంచుకుని, దులిపి వేసుకోండి. ఇంట్లో పెద్దవాళ్ళు "అలవాటైన ఇల్లే కదా, లైటెందుకు" అంటారు, వాళ్ళ మంచం దగ్గర మీరే ఒక టార్చి పెట్టండి.

ఇల్లూ పెరడూ

తలుపు కింద సందు చూడండి. చిటికెన వేలు దూరేంత సందు ఉంటే పిల్ల ఎలుక వస్తుంది, పాము పిల్ల వస్తుంది. రబ్బరు పట్టీ హార్డ్‌వేర్ షాపులో దొరుకుతుంది, అదీ లేకపోతే పాత గోనెసంచి చుట్టి రాత్రిపూట అడ్డం పెట్టండి. స్నానాల గదిలో నీళ్ళు పోయే తూముకి జాలీ బిగించాలి, కిటికీలకి దోమల మెష్ ఉండాలి, గోడల్లో కన్నాలు సిమెంటుతో పూడ్చాలి. పెంకుటిళ్ళలో గోడకీ కప్పుకీ మధ్య ఖాళీ ఉంటుంది, అక్కడ పూర్తిగా మూయడం కష్టం, కానీ కిటికీ మీదకో కప్పు మీదకో వాలిన కొమ్మలూ తీగలూ నరికేస్తే దారి తగ్గుతుంది. రాధామనోహరం తీగ అందంగానే ఉంటుంది, పడకగది కిటికీ పక్కన మాత్రం వద్దు.

ధాన్యం, పప్పులు, కోళ్ళ దాణా మూత గట్టిగా పడే డబ్బాల్లో, రేకు డ్రమ్ముల్లో పెట్టండి. బస్తాలు తప్పకపోతే గోడకి జానెడు ఎడంగా, చెక్క పలకల మీద, కిందకి చూస్తే అవతలి గోడ కనిపించేట్టు. కుక్కకి పెట్టిన అన్నం రాత్రంతా గిన్నెలో వదిలేయకండి. కోళ్ళగూడు ఇంటి గోడకి ఆనించి కట్టడం మన దగ్గర మామూలు, గుడ్ల కోసం, కోడిపిల్లల కోసం నాగుపాము అక్కడికి తప్పకుండా వస్తుంది, గూటిని కొంచెం దూరంగా జరిపి సన్న జాలీ కొట్టండి. గూట్లో చెయ్యి పెట్టేముందు లైటు వేసి చూడండి.

కట్టెల మోపు, పిడకల గూడు, పాత పెంకులు, ఇటుకల కుప్ప, ఇల్లు కట్టగా మిగిలిన కంకర, ఇవి పాములకీ తేళ్ళకీ ఇష్టమైన చోట్లు. తీసేయగలిగితే తీసేయండి, తీసేయలేకపోతే ఇంటికి దూరంగా, రాళ్ళ మీద అడుగు ఎత్తున పేర్చండి. కట్టె తీయాలంటే నేరుగా చెయ్యి పెట్టకుండా ముందు కర్రతో కదిపి, పై వరస నుంచి తీయాలి, మధ్యలోంచి లాగకూడదు. పొద్దున్నే చీకట్లో పొయ్యి వెలిగించేవాళ్ళు రాత్రికే కావలసిన కట్టెలు తెచ్చి పెట్టుకోవడం మంచిది.

వాకిట్లో లైటు సరిగ్గా గుమ్మం మీద ఉంటుంది చాలా ఇళ్ళల్లో. తెల్లటి లైటుకి పురుగులు ఎక్కువ వస్తాయి, పసుపు లైటు వేస్తే తగ్గుతాయి. ఇంకా మంచి పని ఏమిటంటే లైటుని గుమ్మం మీద నుంచి తీసి కొంచెం దూరంగా గుమ్మం వైపు వెలుగు పడేలా పెట్టడం.

ఎలుకల మందు విషయంలో గట్టిగా చెప్తున్నాను. పసుపు భాస్వరం ఉండే ఎలుకల పేస్టు ఇంట్లో ఉంచకండి. పిల్లలు పొరపాటున నాకినా, ఎవరైనా కోపంలో తిన్నా కాలేయం పాడైపోతుంది, దానికి నేరుగా విరుగుడు లేదు. బోను పెట్టండి. జిగురు అట్టలు పెడితే ఎలుకతో పాటు బల్లులు, ఒక్కోసారి పాములు కూడా అంటుకుంటాయి, ఆ అట్ట తీయబోయి కాటు తినే ప్రమాదం ఉంది.

వెల్లుల్లి రసం, గంధకం, ఫినాయిలు, నాఫ్తలీన్ ఉండలు, సర్పగంధ మొక్క, ఈశ్వరి తీగ, వీటిలో ఏదీ పాముని నమ్మకంగా ఆపదు. కార్బాలిక్ ఆసిడ్ ఇంటి చుట్టూ పోయించుకునేవాళ్ళు ఉన్నారు, అది మన చర్మాన్ని కాలుస్తుంది, పిల్లలూ పశువులూ తిరిగే చోట అసలు వద్దు. ఆ డబ్బుతో తలుపు పట్టీలూ జాలీలూ వస్తాయి.

పొలంలో

కృష్ణా జిల్లా దివిసీమలో 2018 వానాకాలంలో పాము కాట్లు వరసగా జరిగి జనం హడలిపోయారు, మోపిదేవిలో సర్పశాంతి యాగం కూడా చేశారు. డెల్టాలో వరి, గట్ల నిండా ఎలుక బొరియలు, వాటి నిండా వాననీళ్ళు, అన్నీ ఒకేసారి కలుస్తాయి కాబట్టి ఆ నెలల్లో జాగ్రత్త రెట్టింపు ఉండాలి. మోకాలి దాకా వచ్చే రబ్బరు బూట్లు వేసుకుంటే కాటు పడే చోటు చాలావరకు కప్పినట్టే, ఎందుకంటే ఎక్కువ కాట్లు పాదం, చీలమండ, పిక్కల మీదే పడతాయి. బురదలో నాట్లు వేసేటప్పుడు బూట్లు కుదరవు, ఒప్పుకుంటాను. కానీ గట్టు మీద నడిచేటప్పుడు, గడ్డి కోసేటప్పుడు, కుప్ప నూర్చేటప్పుడు కుదురుతుంది కదా. చేతికర్రతో నేల తట్టుకుంటూ నడవండి. పాముకి బయటి చెవులు లేవు, నేల అదురు మాత్రం బాగా తెలుస్తుంది, దారి ఇస్తే పోతుంది. గడ్డి కోసేటప్పుడు ముందు కర్రతో పాయ తీసి, తర్వాత చెయ్యి పెట్టండి.

రాత్రి కరెంటు ఇచ్చినప్పుడు మోటారు వేయడానికి వెళ్ళే రైతులు టార్చి లేకుండా వెళ్ళొద్దు. స్టార్టర్ డబ్బా మూత తీసేముందు కర్రతో తట్టండి, వెచ్చగా పొడిగా ఉంటుందని అందులో పాములు చేరతాయి. ఆరుబయటికి పోవలసి వచ్చే ఆడవాళ్ళకీ పిల్లలకీ ఇదే మాట, కానీ అసలు జవాబు ఇంట్లో మరుగుదొడ్డి.

నాగుల చవితికి పుట్ట దగ్గరికి వెళ్ళేవాళ్ళు కాస్త వెలుగు వచ్చాక వెళ్ళండి. పుట్ట కన్నంలో చెయ్యి పెట్టకుండా, పిల్లల్ని దగ్గరగా నిలబెట్టకుండా పాలు పోయవచ్చు. భక్తికి ఇది అడ్డం కాదు.

పాము ఇంట్లోకి వస్తే

పిల్లల్ని, ముసలివాళ్ళని బయటికి పంపండి. లోపలి గదుల తలుపులు మూసి, బయటికి పోయే తలుపు ఒకటి తెరిచి ఉంచండి. ఒక్కరు మాత్రం దూరం నుంచి, రెండు మూడు బారల ఎడంగా, అది ఎటు పోతోందో చూస్తూ ఉండాలి. కంటికి కనిపించకుండా పోయిందా, ఆ రాత్రి ఎవరికీ నిద్ర ఉండదు. అటవీ శాఖకి ఫోన్ చేయండి, హైదరాబాద్ చుట్టుపక్కల అయితే ఫ్రెండ్స్ ఆఫ్ స్నేక్స్ సొసైటీ వాలంటీర్లు వస్తారు. మీ ప్రాంతంలో పాములు పట్టే శిక్షణ ఉన్నవాళ్ళ నంబరు ఇప్పుడే కనుక్కుని గోడ మీద రాసి పెట్టండి.

కర్ర తీసుకుని కొట్టబోకండి. చాలా రకాల పాముల్ని చంపడం 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం, అది ఒక సంగతి. రెండోది, కొట్టబోయి కాటు తినేవాళ్ళు చాలామంది. తల తెగిన పాము కూడా కాసేపటి వరకు కరవగలదు, కాబట్టి చచ్చిందని చేత్తో పట్టుకోవద్దు. జెర్రిపోతు కనిపిస్తే పాపం వెంటపడి మరీ చంపుతారు, దానికి విషం లేదు, ఎలుకల్ని తినిపెట్టే పాము అది. నీరుకట్టెకి కోపం ఎక్కువ గానీ విషం లేదు. అయితే ఈ మాట చదివి "ఇది జెర్రిపోతే" అని దగ్గరికి వెళ్ళొద్దు, చీకట్లో కంగారులో ఎవరికైనా పొరపాటు పడుతుంది. కట్లపాముని చూసి, అలాగే ఉండే విషం లేని తోడేలు పాము అని వదిలేసేవాళ్ళూ ఉన్నారు. విశాఖ, అనకాపల్లి ఏజెన్సీ వైపు గిరినాగు (కింగ్ కోబ్రా) వస్తుంది, పది అడుగులు దాటి పెరుగుతుంది, అక్కడ అటవీ శాఖవాళ్ళు తప్ప ఇంకెవరూ దాని జోలికి పోకూడదు.

పాము పగబట్టదు. దానికి మనిషి మొహం గుర్తుంచుకునే శక్తి లేదు. రెండు పాములు పెనవేసుకుని నిలబడితే చాలాసార్లు అవి పోట్లాడుకుంటున్న మగ జెర్రిపోతులు. జోడీలో ఒకదాన్ని చంపితే రెండోది వెతుక్కుంటూ వస్తుందన్న భయంతో వరసగా కనిపించినవాటినల్లా చంపేస్తుంటారు, ఆ భయం అక్కర్లేదు.

కాటు పడితే

పిల్లలు గానీ పెద్దవాళ్ళు గానీ చీకట్లో "ఏదో పురుగు ముట్టింది" అంటే పాము కాటనే అనుకోండి. ముల్లో, ఎలుకో, ఏదో అని తేల్చుకునే పని ఇంట్లో పెట్టుకోవద్దు.

మనిషిని కదలకుండా కూర్చోబెట్టండి లేదా పడుకోబెట్టండి. ధైర్యం చెప్పండి, చుట్టూ ఏడుపులూ అరుపులూ ఆపండి, పాము కరిచినా విషం ఎక్కించని సందర్భాలు కూడా చాలానే ఉంటాయని చెప్పండి. అది నిజం కూడా. ఉంగరాలు, గాజులు, మెట్టెలు, పట్టీలు, వాచీ వెంటనే తీసేయండి, వాపు వస్తే తర్వాత కోయాల్సి వస్తుంది. కాటు పడిన కాలికో చేతికో ఒక కర్ర లేదా పొడుగు స్కేలు ఆనించి, విరిగిన కాలికి కట్టినట్టు వదులుగా గుడ్డతో కట్టండి, కండరం కదలకపోతే విషం నెమ్మదిగా పాకుతుంది. 108కి ఫోన్ చేయండి. అంబులెన్సు ఆలస్యమయ్యేట్టుంటే బైకు మీద ముందొకరు, వెనకొకరు, మధ్యలో రోగి, అలా బయలుదేరండి. నడిపించకండి, పరిగెత్తించకండి. వాంతులు అవుతుంటే ఎడమ పక్కకి తిప్పి పడుకోబెట్టండి. ఎన్ని గంటలకి కరిచిందో గుర్తు పెట్టుకోండి.

తాడు గట్టిగా బిగించి కట్టడం, బ్లేడుతో కోయడం, నోటితో పీల్చడం, ఐసు పెట్టడం, పసరు పూయడం, కోడిపిల్లల్ని గాటు మీద పెట్టడం, విషం లాగుతుందని రాయి అంటించడం, ఇవేవీ చేయకండి. తాడు బిగిస్తే రక్తం ఆడక కాలు కుళ్ళిపోతుంది. ఎవరైనా అప్పటికే గట్టిగా కట్టేసి ఉంటే దారిలో ఒక్కసారిగా విప్పొద్దు, ఆసుపత్రిలో డాక్టరు చూసుకుంటూ విప్పుతారు. వేపాకు నమిలించి చేదు తెలుస్తుందా, మిరపకాయ కారంగా ఉందా అని పరీక్ష పెట్టడం మన ఊళ్ళలో ఉంది, దానితో ఏమీ తెలియదు, అరగంట పోతుంది. మంత్రం వేసేవాళ్ళ దగ్గర బతికినవాళ్ళు ఉన్నారంటారు. విషం ఎక్కని కాట్లు, విషం లేని పాముల కాట్లు అయితే ఎవరు చూసినా మనిషి బతుకుతాడు. పెద్దవాళ్ళు పట్టుబడితే వాళ్ళని ఆసుపత్రికే వెంట తీసుకెళ్ళండి, ప్రార్థన అక్కడ కూడా చేయవచ్చు.

పాముని పట్టుకు రానక్కర్లేదు. దూరం నుంచి ఫోటో తీయగలిగితే తీయండి, లేకపోతే వదిలేయండి. మన దేశంలో ఇచ్చే విరుగుడు మందు నాలుగు పాములకీ కలిపి పనిచేసేది: నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్న పింజర. ఆ మందు తయారీకి కావలసిన విషంలో చాలా భాగం తమిళనాడులో 1978లో మొదలైన ఇరుల గిరిజనుల సహకార సంఘం నుంచి వస్తుంది, ఆ సంఘం వాళ్ళు ఇద్దరికి 2023లో పద్మశ్రీ ఇచ్చారు.

ఆసుపత్రిలో ఏం జరుగుతుందో తెలిస్తే కంగారు తగ్గుతుంది. కొత్త గాజు గొట్టంలో కొంచెం రక్తం తీసి 20 నిమిషాలు కదపకుండా ఉంచుతారు, గడ్డకట్టకపోతే పింజర విషం అని అర్థం. విషం ఎక్కిన లక్షణాలు ఉంటే సాధారణంగా 8 నుంచి 10 వయల్స్ (చిన్న మందు సీసాలు) సెలైన్‌లో కలిపి ఎక్కిస్తారు, పిల్లలకీ పెద్దలకీ ఒకే డోసు, "చిన్నపిల్లాడు కదా సగం చాలు" అనుకోవద్దు. కొంతమందికి ఒంటిమీద దద్దుర్లు, చలి వస్తాయి, అందుకే డాక్టరు పక్కన ఉండగానే ఇవ్వాలి. లక్షణాలు లేకపోయినా 24 గంటలు ఉంచుతామంటే ఉండండి, బాగానే ఉన్నాడని ఇంటికి తెచ్చేయొద్దు. కట్లపాము కాటులో ఊపిరి తీసే కండరాలు పడిపోతాయి, రెప్ప కూడా ఎత్తలేరు, చూసేవాళ్ళకి ప్రాణం పోయినట్టే ఉంటుంది, కానీ వెంటిలేటర్ మీద కొన్ని రోజులు ఉంచితే లేచి కూర్చున్నవాళ్ళు చాలామంది. ఆశ వదులుకోకండి. రక్తపింజర కాటు అయితే ఇంటికి వచ్చాక కూడా మూత్రం తగ్గినా, ఎర్రగా వచ్చినా వెంటనే వెళ్ళాలి, కిడ్నీలు దెబ్బతింటాయి.

ఇవాళే చేయవలసిన పని ఒకటుంది. మీ పీహెచ్‌సీలో పాము కాటు మందు ఉందా, రాత్రి డాక్టరు ఉంటారా, వెంటిలేటర్ ఉన్న దగ్గరి ఆసుపత్రి ఏది అని కనుక్కోండి. ఏఎన్‌ఎంనో ఆశా కార్యకర్తనో అడిగితే చెప్తారు. కాటు పడిన రాత్రి ఒక ఆసుపత్రి నుంచి ఇంకో ఆసుపత్రికి తిరగడంలో గంటలు పోతాయి.

తేలు

నల్లగా, పెద్దగా, లావు డెక్కలతో ఉండే తేలుని చూసి ఎక్కువ భయపడతాం. అసలు ప్రమాదం చిన్నగా, ఎర్రగా, సన్న డెక్కలతో, లావు తోకతో ఉండే ఎర్రతేలుతో. రాయలసీమ, తెలంగాణ వైపు రాతి గోడల సందుల్లో, బండల కింద ఇది ఎక్కువ. పెద్దవాళ్ళకి చాలాసార్లు భరించలేని నొప్పితో పోతుంది, ఐసు ముక్క గుడ్డలో చుట్టి పెట్టి, పారాసెటమాల్ వేసుకుని, డాక్టరు దగ్గర తిమ్మిరి ఇంజెక్షన్ చేయించుకుంటే తగ్గుతుంది. పిల్లల్ని మాత్రం ఏ తేలు కుట్టినా నేరుగా ఆసుపత్రికి తీసుకెళ్ళండి. విపరీతమైన చెమట, చేతులూ కాళ్ళూ చల్లబడటం, వాంతులు, గుండె దడ, నురగతో దగ్గు, ఇవి ప్రాణం మీదకి వచ్చిన గుర్తులు, పెద్దవాళ్ళకైనా సరే. నొప్పి తగ్గిపోయి చెమటలు పడుతుంటే నయమవుతోందని అనుకోకండి.

ఎర్రతేలు కుట్టి ఇలా ప్రాణం మీదకి వచ్చిన పిల్లలు ఒకప్పుడు చాలామంది చనిపోయేవారు. మహారాష్ట్రలోని మహాడ్ అనే చిన్న ఊళ్ళో పనిచేసే డాక్టర్ హిమ్మత్‌రావ్ బావస్కర్ 1980లలో ప్రజోసిన్ అనే చవకైన రక్తపోటు మాత్రతో వాళ్ళని బతికించవచ్చని చూపించాడు, 2022లో ఆయనకి పద్మశ్రీ వచ్చింది. ఆ మాత్ర మీ అంతట మీరు వేయకండి, కానీ త్వరగా వెళ్తే వైద్యం ఉందని తెలుసుకోండి. తేలు మంత్రం వేసినప్పుడు నొప్పి తగ్గడం నిజమే, నొప్పి కొన్ని గంటల్లో దానంతటదే తగ్గుతుంది. కర్నూలు జిల్లా కోడుమూరులో శ్రావణం మూడో సోమవారం కొండలరాయుడికి బతికున్న తేళ్ళని సమర్పించే ఆచారం ఉంది, ఎవరి నమ్మకం వాళ్ళది, చిన్నపిల్లల చేత మాత్రం పట్టించకండి.

ఇంట్లో తేళ్ళు ఉన్నాయో లేదో చూడాలంటే నోట్లు పరీక్షించే ఊదారంగు యూవీ టార్చి ఒకటి కొనండి. చీకట్లో దాని వెలుగు పడితే తేలు ఒళ్ళు ఆకుపచ్చగా మెరుస్తుంది. గోడలు, పిడకల గూడు, బూట్లు, బాత్రూమ్ మూలలు చూసి, పొడుగు పటకారుతో పట్టి మూత ఉన్న సీసాలో వేసి దూరంగా వదిలేయండి. చెప్పులు, బూట్లు, హెల్మెట్, తాడు మీద ఆరేసిన బట్టలు దులిపి వేసుకోవడం పిల్లలకి చిన్నప్పుడే నేర్పండి.

చిన్న పురుగులు

దోమల గురించి అందరికీ తెలుసు, కానీ చేసేది తక్కువ. డెంగీ దోమ పగలు కుడుతుంది, మంచినీళ్ళలోనే పెరుగుతుంది, గుడ్డు నుంచి దోమ కావడానికి సుమారు వారం పది రోజులు. అందుకే వారానికోసారి శుక్రవారం డ్రై డే అని పెట్టారు. కూలర్, పూలకుండీ పళ్ళెం, ఫ్రిజ్ వెనక ట్రే, పాత టైరు, కొబ్బరి చిప్ప, అన్నీ ఒంపేయండి, ఒంపడమే కాకుండా తొట్టి లోపలి గోడలు పీచుతో తోమండి, గుడ్లు గోడకి అంటుకుని ఉంటాయి.

బొద్దింకలకి జెల్ చుక్కలు బాగా పనిచేస్తాయి. బోరిక్ పౌడరు, పంచదార, మైదా కలిపి చిన్న ఉండలు చేసి సింకు కింద, ఫ్రిజ్ వెనక పెట్టినా నాలుగైదు రోజుల్లో తగ్గుతాయి, పిల్లలకీ పెంపుడు జంతువులకీ అందకూడదు. రాత్రి సింకులో గిన్నెలు వదలకండి. నల్లులు పట్టిన మంచానికి మరిగే నీళ్ళు పోయడం పాత పద్ధతే గానీ ఇప్పటికీ మంచిదే, పరుపుల్ని నల్ల ప్లాస్టిక్ కవర్లో చుట్టి మే నెల ఎండలో రోజంతా పెట్టండి. చెదలు గోడ మీద మట్టి గీతల్లా కనిపిస్తే గీత గీకేయడంతో పోవు, నేలలోంచి వస్తాయి, తెలిసినవాళ్ళ చేత మందు కొట్టించాలి. బల్లిని వదిలేయండి, అది మీ తరఫున పురుగుల్ని తింటోంది.

పొలంలో కొట్టే మందులు ఇంట్లో, అందులోనూ మంచాల మీద, తలలో పేలకి ఎప్పుడూ వాడొద్దు. ధాన్యంలో వేసే అల్యూమినియం ఫాస్ఫైడ్ బిళ్ళలు పడుకునే గదిలో గానీ పక్క గదిలో గానీ పెట్టకూడదు. తేమ తగిలితే వాటి నుంచి విషవాయువు వస్తుంది, నిద్రలోనే ఇంటిల్లిపాదీ పోయిన సంఘటనలు ఉన్నాయి.

వానాకాలం లైటు దగ్గరికి నలుపు, నారింజ పట్టీలతో సన్నటి పురుగు ఒకటి వస్తుంది, చీమంత ఉంటుంది. ఒంటి మీద వాలితే నలిపేయకండి, ఊది పంపించేయండి. నలిగితే దాని రసానికి మర్నాటికి కాలినట్టు బొబ్బలొస్తాయి. వెంటనే సబ్బుతో కడగండి, ఆ చేత్తో కళ్ళు రుద్దుకోవద్దు. జెర్రి కుడితే నొప్పి బాగా ఉంటుంది, భరించగలిగినంత వేడి నీళ్ళలో ఆ చోటు కాసేపు ఉంచితే తగ్గుతుంది. చెవిలో పురుగు దూరితే పుల్లలూ పిన్నులూ పెట్టకండి, చెవిలో చీమూ, కర్ణభేరికి రంధ్రమూ లేనివాళ్ళైతే గోరువెచ్చని కొబ్బరినూనె రెండు మూడు చుక్కలు వేస్తే అది చస్తుంది, తర్వాత డాక్టరు తీస్తారు. తేనెటీగ కుట్టిన చోట ముల్లు ఉండిపోతుంది, ఎంత త్వరగా గోరుతో గీరి తీసేస్తే అంత మంచిది. పెదాలు వాచినా, ఊపిరి ఆడకపోయినా, ఒళ్ళంతా దద్దుర్లు లేచినా, చాలా ఈగలు ఒకేసారి కుట్టినా నిమిషాల మీద ఆసుపత్రికి చేరాలి.

పొదల్లో, గడ్డిలో ఉండే కంటికి ఆనని నల్లి లాంటి పురుగు పిల్లలు కుడితే స్క్రబ్ టైఫస్ వస్తుంది. వారం పది రోజులకి తీవ్రమైన జ్వరం, తలనొప్పి, ఒళ్ళునొప్పులు వస్తాయి. చంకల్లో, గజ్జల్లో, నడుము దగ్గర సిగరెట్టుతో కాల్చినట్టు నల్లటి పొక్కు ఉందేమో వెతకండి, నొప్పి ఉండదు కాబట్టి రోగికి తెలియదు. పొక్కు అందరికీ కనిపించదు కూడా. పొలం నుంచి వచ్చాక జ్వరం అయిదు రోజులైనా దిగకపోతే ఈ మాట డాక్టరుకి మీరే చెప్పండి, డాక్సీసైక్లిన్‌తో చాలామందికి ఒకటి రెండు రోజుల్లో జ్వరం దిగుతుంది, ఆలస్యమైతే ఊపిరితిత్తులూ కిడ్నీలూ దెబ్బతింటాయి. పొలంలో వేసుకున్న బట్టలు మంచం మీద పడేయకుండా నేరుగా వేడి నీళ్ళ బకెట్లో నానబెట్టండి.